పిల్లిని చూసి ఉడుత ఎందుకు అరుస్తుంది? నోరు మూసుకుని దాక్కోవచ్చుగా!

చెట్టుకింద_కుర్చీ
వారం రోజులుగా ఒకటే తంతు చూస్తున్నాను. పొద్దున్న ఏడింటికి గోడ మీదుగా ఒక బూడిదరంగు పిల్లి వస్తుంది. అది గోడ దిగకముందే చెట్టు మీద ఉడుత మొదలుపెడుతుంది. చిక్ చిక్ చిక్ అని, ఆపకుండా. ప్రతి చిక్‌కీ తోక ఒకసారి ఎగురుతుంది, ఎవరో దారం కట్టి లాగుతున్నట్టు. నిన్న ఫోన్‌లో టైం చూశాను. 11 నిమిషాలు అరిచింది. పిల్లి వెళ్ళిపోయాక ఇంకో రెండు నిమిషాలు అదనం.

నా సందేహం ఏమిటంటే, పిల్లికి మొదట ఉడుత కనపడనే లేదు. ఇది అరవబట్టే తలెత్తి చూసింది. కొమ్మకు అతుక్కుని గప్‌చుప్‌గా కూర్చుంటే పోయేదానికి, నేనిక్కడున్నానని దండోరా వేయడం ఎందుకు? ఇలా అరిచే ఉడుతలన్నీ పిల్లులకు దొరికిపోయి ఎప్పుడో అంతరించిపోవాలి కదా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పల్లకీబోయీ
సింపుల్ అండి. మిగతా ఉడుతలను హెచ్చరించడానికి. జాతి బాగు కోసం ఒకటి రిస్క్ తీసుకుంటుంది.

ఒప్పుకోను
"జాతి బాగు" అనేది టీవీలో వినడానికి బాగుంటుంది, లెక్కకు మాత్రం నిలబడదు. రెండు రకాల ఉడుతలున్నాయనుకోండి. ఒకటి అరిచే రకం, ఇంకోటి నోరు మూసుకుని ఎదుటివాడి అరుపు విని పారిపోయే రకం. రెండోదానికి లాభం మాత్రమే ఉంది, ఖర్చు లేదు. పదిహేను ఇరవై తరాలు గడిచేసరికి ఎవరి పిల్లలు ఎక్కువ మిగులుతారు? త్యాగం చేసేవాళ్ళ వంశం తరిగిపోయి దొంగల వంశం పెరుగుతుంది. కాబట్టి అరిచే ఉడుత ఇంకా మిగిలి ఉందంటే ఆ అరుపులో దానికేదో గిట్టుబాటు ఉండాలి. అదేమిటో నాకూ తెలీదు.

జీవశాస్త్రం_మాస్టారు
ఒప్పుకోను గారితో మొదటిసారి ఒప్పుకుంటున్నాను, తేదీ రాసిపెట్టుకోండి.

కుర్చీ గారు, మీరు అడిగిన ప్రశ్ననే దాదాపు ఇదే జంతువు మీద పాల్ షెర్మన్ అనే ఆయన వేసుకున్నాడు. కాలిఫోర్నియాలో సియర్రా నెవాడా కొండల మీద బెల్డింగ్ నేల ఉడుతలని ఉంటాయి. ఒక్కోదానికి గుర్తు పెట్టి, ఎవరు ఎవరి కూతురో, ఎవరు ఎవరి అక్కో పుస్తకంలో రాసుకుంటూ ఏళ్ల తరబడి కాపు కాశాడు. ఫలితాలు 1977లో అచ్చయ్యాయి.

ఈ ఉడుతల్లో ఆడవి పుట్టిన చోటే ఉండిపోతాయి. మగవి పెద్దయ్యాక ఊరు వదిలి పోతాయి. అంటే ఆడ ఉడుత చుట్టూ తల్లి, అక్కచెల్లెళ్ళు, కూతుళ్ళు. మగదాని చుట్టూ అంతా పరాయివాళ్ళే. నేల మీద నడిచే వేటజంతువు వచ్చినప్పుడు ఎక్కువగా అరిచింది ఆడవి. ఆడవాటిలోనూ దగ్గరలో చుట్టాలున్నవి ఇంకా ఎక్కువ. అరిచినదాని వెంటే వేటజంతువు పడటం కూడా ఆయన చూశాడు. కాబట్టి మీరన్న ప్రమాదం నిజమే.

మరి గిట్టుబాటు ఎక్కడ? 1964లో విలియం హామిల్టన్ ఆ లెక్క కట్టాడు. నా జన్యువులు నాలోనే లేవు. తోడబుట్టినవాళ్ళలో సగం ఉన్నాయి, పెదనాన్న పిల్లల్లో ఎనిమిదో వంతు ఉన్నాయి. నేను పడే ప్రమాదం కన్నా, నా వల్ల బతికిన చుట్టాల లాభాన్ని చుట్టరికంతో గుణించినది ఎక్కువైతే, అరిచే గుణం తరువాతి తరానికి వెళుతుంది. ఉడుతకు లెక్కలు రానక్కరలేదు, అరవాలనిపిస్తే చాలు.

ఇక్కడితో ఆగితే కథ చక్కగా ఉండేది. కానీ 1985లో అదే షెర్మన్ ఇంకో సంగతి రాశాడు. ఆకాశంలో డేగ కనిపిస్తే ఈ ఉడుతలు వేరే రకంగా ఈల వేస్తాయి. అప్పుడు ఈల వేసినవి తప్పించుకున్నాయి, వేయనివే ఎక్కువగా దొరికాయి. ఈల వినగానే అందరూ ఒక్కసారిగా పరిగెత్తుతారు. ఆ గందరగోళంలో ఈల వేసినదే క్షేమం. అంటే ఒకే జంతువు, ఒక అరుపు చుట్టాల కోసం, ఇంకోటి తన కోసం.

పాత_టేపురికార్డర్
మాస్టారూ, ఆ రెండు అరుపుల తేడా చెవికి కూడా తెలుస్తుంది. నాకు పక్షుల గొంతులు రికార్డు చేసే పిచ్చి. చాలా చిన్న పిట్టలు డేగను చూస్తే "స్సీఈ" అని సన్నగా, బాగా హెచ్చు స్థాయిలో, మెల్లగా మొదలై మెల్లగా ఆగిపోయే శబ్దం చేస్తాయి. ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోవడం మహా కష్టం. నేను మైకు పట్టుకుని చెట్టు చుట్టూ ప్రదక్షిణం చేసిన రోజులున్నాయి. అవే పిట్టలు కొమ్మ మీద పగలు కునుకు తీస్తున్న గుడ్లగూబను చూస్తే "టక్ టక్ చక్" అని గరుకుగా, ముక్కలు ముక్కలుగా అరుస్తాయి. అది ఎక్కడుందో చిన్నపిల్లాడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు.

1950లలో పీటర్ మార్లర్ ఈ తేడాను పట్టుకున్నాడు. మొదటిది దాక్కునేవాడి గొంతు, చోటు తెలియకూడదు. రెండోది పదిమందిని పోగు చేసి గుడ్లగూబను తరిమేసేవాడి గొంతు, చోటు తెలిసి తీరాలి. కుర్చీ గారి ఉడుత అరిచే తీరు చూస్తే రెండో రకంలా ఉంది. దాక్కోవాలనే ఆలోచనే లేదు దానికి.

రాత్రి_డ్యూటీ
అయితే ఆ చిక్ చిక్ మిగతా ఉడుతలతో కాదేమో, పిల్లితోనే మాట్లాడుతోందేమో? "నిన్ను చూశాను, ఇంక నీ పప్పులుడకవు, పో" అని.

పిల్లి వేట అంతా చాటుగా పొంచి దగ్గరికి రావడం మీదే ఆధారపడి ఉంటుంది. కనిపెట్టేశారని తెలిశాక అక్కడ టైం వేస్ట్ చేయడం దండగ. కాబట్టి చెప్పేయడం ఉడుతకీ మంచిదే, పిల్లికీ మంచిదే. శత్రువులిద్దరికీ లాభమున్న మాట అన్నమాట.

మెడికల్ షిఫ్టుల మధ్య చదివిన వాటిలో నాకు బాగా గుర్తుండిపోయినది ఒకటుంది. కాలిఫోర్నియాలోనే ఇంకో నేల ఉడుత తన పిల్లలను తినడానికి వచ్చే గిలకపాము ముందు తోక ఊపుతుంది. గిలకపాముకు కళ్ళకూ ముక్కుకూ మధ్య చిన్న గుంట ఉంటుంది. దానితో అది వేడిని పసిగడుతుంది. 2007లో వేడి కెమెరాలు పెట్టి చూస్తే, గిలకపాము ఎదురుగా ఉన్నప్పుడు ఉడుత తోక వేడెక్కుతోంది. ఊపుతున్న తోక పాముకు మండుతున్న కాగడాలా కనిపిస్తుంది. అదే, వేడిని పసిగట్టలేని వేరే జాతి పామును ఎదురుగా పెడితే తోక ఊపింది కానీ వేడెక్కించలేదు! వినేవాడికి ఏ భాష వచ్చో చూసుకుని మాట్లాడుతోంది చూడండి.

చెట్టుకింద_కుర్చీ
అమ్మో. తోక సంగతి నేను ఊరికే రాశాను, దానికింత కథ ఉందనుకోలేదు. రేపటి నుంచి ఉడుతను కాదు, పిల్లిని చూస్తాను. అరుపు మొదలయ్యాక అది ఎంతసేపు ఉంటుందో.

సందేహాలపుట్ట
చిన్న డౌట్. అరిస్తే అందరూ పరిగెత్తుతారన్నారు. మరి ఊరికే అరిచి, అందరూ పారిపోయాక వాళ్ళ తిండి కొట్టేసే తెలివైనవాడు ఎవడూ లేడా?

పాత_టేపురికార్డర్
ఉన్నాడు! పసులపోలిగాడనే మన నల్ల పిట్టకు ఆఫ్రికా చుట్టం. కలహారి ఎడారిలో ఉండే చీలికతోక పసులపోలిగాడు. టామ్ ఫ్లవర్ అనే పరిశోధకుడు దీని వెంట పడ్డాడు.

అక్కడ మీర్‌కాట్లని ముంగిసల బంధువులుంటాయి. గుంపుగా నేల తవ్వి పురుగులు, తేళ్ళు తింటాయి. మనవాడు పైన కొమ్మ మీద కూర్చుని, నిజంగా డేగ వచ్చినప్పుడు నిజంగానే హెచ్చరిస్తాడు. దాంతో నమ్మకం కుదురుతుంది. ఎవరికైనా లావుపాటి పురుగు దొరకగానే ఒక దొంగ కేక. మీర్‌కాట్ పురుగును వదిలేసి కలుగులోకి దూకుతుంది, మనవాడు కిందకి దిగి మింగేస్తాడు. వాడి రోజు తిండిలో దాదాపు నాలుగో వంతు ఇలాంటి కొట్టేసిన సరుకే.

"నాన్నా పులి" కథలో అబ్బాయికి జరిగినట్టు వీడికీ జరగాలి కదా అంటారా. మూడోసారికి ఎవరూ నమ్మకూడదు. వీడు అబ్బాయికన్నా ముదురు. తన కేక పనిచేయకపోతే గొంతు మార్చి, మీర్‌కాట్ల సొంత కేకనో ఇంకో పక్షి కేకనో అనుకరిస్తాడు. గొంతు మారుస్తూ ఉంటే మోసం ఎక్కువ కాలం సాగుతుందని 2014లో ఫ్లవర్ బృందం చూపించింది.

ఒప్పుకోను
మిమిక్రీ ఆర్టిస్టు అన్నమాట. ఒకటి గమనించారా? అబద్ధం చెల్లుబాటు కావాలంటే చుట్టూ నిజం ఎక్కువగా ఉండాలి. కేకల్లో సగానికి సగం దొంగవైతే మీర్‌కాట్లు వినడమే మానేస్తాయి. అంటే దొంగనోటు చెలామణి కావాలన్నా అసలు నోట్లు ఎక్కువ ఉండాలి.

ఇంకోటి, అదే మీర్‌కాట్లలో ఒకటి ఎత్తు మీద నిలబడి కాపలా కాస్తుంది కదా, దాన్ని చూసి అందరూ "అబ్బ, ఎంత త్యాగం" అంటారు. 1999లో టిమ్ క్లటన్-బ్రాక్ బృందం చూపించిందేమిటంటే, కడుపు నిండినది మాత్రమే కాపలాకు ఎక్కుతుంది. అదనంగా తిండి పెడితే ఇంకా ఎక్కువసేపు కాస్తుంది. ప్రమాదం వస్తే ముందుగా చూసేది అదే, కలుగులోకి ముందు దూరేదీ దాదాపు అదే. ఇంతకన్నా సేఫ్ డ్యూటీ ఇంకోటి లేదు.

పల్లకీబోయీ
మీరు ప్రతి మంచి పని వెనకా స్వార్థం వెతుకుతారేంటండీ బాబూ. రక్తం తాగే గబ్బిలాలు ఆకలితో ఉన్న తోటి గబ్బిలానికి తాగిన రక్తం కక్కి పెడతాయి. అది కూడా స్వార్థమేనా?

జీవశాస్త్రం_మాస్టారు
మంచి ఉదాహరణే తెచ్చారు. 1984లో జెరాల్డ్ విల్కిన్సన్ కోస్టారికాలో దాన్ని గమనించి రాశాడు. ఆ గబ్బిలానికి వరుసగా రెండు మూడు రాత్రులు తిండి దొరక్కపోతే చచ్చిపోతుంది. కాబట్టి పక్కవాడి గుక్కెడు రక్తం ప్రాణంతో సమానం. తరువాత 2013లో తేలిందేమిటంటే, ఎవరు ఎవరికి పెడతారనేది చుట్టరికం కన్నా "ఇదివరకు నాకెవరు పెట్టారు" అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంది. ఒకదాని ఒళ్ళు ఒకటి నాకి శుభ్రం చేసుకుంటూ ముందు చిన్న చిన్నగా పరిచయం పెంచుకుంటాయి, ఆ తరువాతే రక్తం దాకా వస్తుంది. దీన్ని స్వార్థమంటారో స్నేహమంటారో మీ ఇష్టం. ఆ గబ్బిలానికి లోపల ఏమనిపిస్తుందనేది ఒక ప్రశ్న, ఆ గుణం తరతరాలుగా ఎందుకు నిలిచిందనేది ఇంకో ప్రశ్న. మీరిద్దరూ చెరో ప్రశ్నకు జవాబు చెబుతూ ఒకరితో ఒకరు పోట్లాడుకుంటున్నారు.

వంటింటి_చీమ
పెద్ద జంతువుల మధ్యలో నా చీమలను కూడా రానివ్వండి.

నిన్న గట్టు మీద చీమల బారు పోతుంటే మధ్యలో ఒక రెండంగుళాల మేర తడిగుడ్డతో తుడిచాను. కావాలనే, చూద్దామని. వచ్చే చీమ, పోయే చీమ, రెండూ ఆ తడి అంచు దగ్గర గోడ తగిలినట్టు ఆగిపోయాయి. వెనక్కి తిరిగి రెండడుగులు, మళ్ళీ ముందుకి. మీసాలు గట్టుకు ఆనించి అటూ ఇటూ ఊపుతున్నాయి. ఎదురుపడినవి తల తల ఆనించి చూసుకుంటున్నాయి. అంచు దగ్గర ట్రాఫిక్ జామ్. ఐదారు నిమిషాలకు ఒకటి ఎలాగో ఆ రెండంగుళాలు దాటింది, వంకరగా. తరువాతిది ఆ వంకర దారినే పట్టింది. పది నిమిషాల్లో బారు మళ్ళీ కలిసింది, ఆ వంకరతో సహా. పొద్దుటికి వంకర కూడా కాస్త సర్దుకుంది.

దారి అంటే వాటికి కళ్ళకు కనపడేది కాదు, నేల మీద రాసిన వాసన. నడిచిన ప్రతిదీ కాస్త పూసి పోతుంది. దగ్గరి దారిలో చీమ తొందరగా తిరిగి వస్తుంది కాబట్టి అక్కడ వాసన తొందరగా చిక్కబడుతుంది, తరువాతివి అటే మొగ్గుతాయి. ఏ చీమా కొలవలేదు, ఏ చీమకూ మ్యాపు తెలీదు. దగ్గరి దారి దానంతటదే తేలుతుంది.

కానీ వాసనను గుడ్డిగా నమ్మితే ఏమవుతుందో కూడా వినండి. ఎడ్వర్డ్ విల్సన్ 1958లో రాసినది: చీమ చచ్చిన రెండు రోజులకు దాని ఒంట్లోంచి ఓలియిక్ ఆమ్లం వాసన వస్తుంది, అప్పుడు తోటి చీమలు మోసుకెళ్ళి చెత్తకుప్పలో పడేస్తాయి. ఆయన ఒక చుక్క బతికున్న చీమకు రాశాడు. అది కాళ్ళు కొట్టుకుంటున్నా సరే, ఎత్తుకెళ్ళి కుప్పలో వేశాయి! లేచి వస్తే మళ్ళీ ఎత్తుకెళ్ళాయి. ఒళ్ళంతా శుభ్రంగా నాక్కున్నాకే ఇంట్లోకి రానిచ్చాయి.

సందేహాలపుట్ట
పాపం, బతికుండగానే పాడె ఎక్కించారు 😂

ఒప్పుకోను
దండు చీమల సంగతి ఇంకా ఘోరం. గుంపు నుంచి తెగిపోయిన ముక్క ఒక్కోసారి తన తోక వాసనను తానే పట్టుకుని గుండ్రంగా తిరగడం మొదలుపెడుతుంది. 1921లో విలియం బీబీ గయానా అడవిలో చూసిన చక్రం చుట్టుకొలత దాదాపు 365 మీటర్లు, ఒక చీమ చుట్టు తిరిగి రావడానికి రెండున్నర గంటలు. చాలావరకు చచ్చేదాకా తిరిగాయి. గొర్రెదాటు అని గొర్రెలను అనవసరంగా ఆడిపోసుకుంటాం.

నాలుగుకాళ్ళ_నేస్తం
టాపిక్ కొంచెం పక్కకి పోతోందేమో, సారీ. మా లాబ్రడార్‌కి ఏడాదిన్నర. సోఫా ఎక్కితే దిగమంటే గుర్రుమంటోందని ఒక ట్రైనర్‌ను పిలిచాం. కుక్కంటే తోడేలు, తోడేళ్ళ గుంపులో ఆల్ఫా అనే నాయకుడు ఉంటుంది, ఇంట్లో ఆల్ఫా మీరేనని దానికి తెలియజెప్పాలి అన్నాడు. గుమ్మంలో ముందు మీరే నడవాలి, ఎదురు తిరిగితే వెల్లకిలా పడేసి కదలకుండా అదిమి పట్టుకోవాలి అన్నాడు. రెండు వారాలు చేశాను. గుర్రుమనడం మానేసింది. కానీ ఇప్పుడు నేను చెయ్యి చాపితే చాలు, తల పక్కకి తిప్పేసుకుని పెదాలు నాక్కుంటోంది, మధ్యలో ఆవలిస్తోంది. ఇది గౌరవమేనా? నాకు టెన్షన్‌గా ఉంది.

రాత్రి_డ్యూటీ
గౌరవం కాదండి, భయం. తల తిప్పుకోవడం, ఏమీ తినకుండా పెదాలు నాక్కోవడం, నిద్ర రాకపోయినా ఆవలించడం, ఇవన్నీ "గొడవొద్దు, నన్ను వదిలేయ్" అని కుక్క చెప్పే తీరు. గుర్రుమనడం మానేసిందంటే కోపం పోయినట్టు కాదు, హెచ్చరిక పోయినట్టు. మీరు అలారం వైరు కోశారు, మంట అలాగే ఉంది. ఆ అదిమిపట్టడం ఇవాళే ఆపేయండి.

జీవశాస్త్రం_మాస్టారు
ఆల్ఫా కథ ఎక్కడ పుట్టిందో చెబుతాను, ఎందుకంటే ఇది సైన్సు పేరుతో తిరుగుతున్న పాత సరుకు.

1947లో రుడాల్ఫ్ షెంకెల్ స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుశాలలో తోడేళ్ళ మీద రాశాడు. ముక్కూ మొహం తెలియని తోడేళ్ళను ఒకే ఆవరణలో పెడితే ఏం చేస్తాయి? కొట్టుకుంటాయి. పారిపోవడానికి చోటు లేదు మరి. గెలిచినవాడు పైన, ఓడినవాడు కింద. అదే తోడేలు స్వభావమనుకున్నారు. డేవిడ్ మెక్ అనే పెద్ద పరిశోధకుడు కూడా 1970లో తన పుస్తకంలో ఆ మాటే రాశాడు. అది బాగా అమ్ముడుపోయింది.

తరువాత ఆయనే 1986 నుంచి వేసవుల్లో కెనడా ఉత్తరాన ఎల్స్‌మియర్ దీవిలో అడవి తోడేళ్ళతో గడిపాడు. అక్కడ చూసిన గుంపు ఏమిటంటే, ఒక అమ్మ, ఒక నాన్న, ఈ ఏటి పిల్లలు, కిందటి ఏటి పిల్లలు. కుర్చీ కోసం కుస్తీ లేదు. పిల్లలు పెద్దయ్యాక ఇల్లు వదిలి వేరే జత వెతుక్కుంటారు, అంతే. 1999లో ఆయన ఆల్ఫా అనే మాట తప్పుదారి పట్టిస్తోందని రాశాడు. తన పాత పుస్తకాన్ని మళ్ళీ అచ్చు వేయొద్దని ప్రచురణకర్తలను ఏళ్ల తరబడి అడిగాడు. తన పుస్తకం తానే ఆపమని అడిగే మనిషంటే నాకు గౌరవం.

ఒప్పుకోను
అలాగని పెద్దాచిన్నా తేడాలే లేవని అనుకోవద్దు. కోళ్ళలో ఎవరు ఎవరిని పొడవాలో వరస ఉంటుందని 1921లోనే నార్వే ఆయన షెల్డెరుప్-ఎబ్బే రాశాడు. మచ్చల హైనాల్లో ఆడదానిదే రాజ్యం, కూతురు తల్లి వెనక వరసలో పుడుతుంది, కండబలంతో పనిలేదు. తోడేళ్ళ విషయంలో మాత్రం జైల్లో చూసినదాన్ని ఇంటికి అంటగట్టారు. పైగా మనిషిని కుక్క తోడేలు అనుకుంటుందన్నది ఇంకో పొరపాటు.

మోడరేటర్
కుక్క ట్రైనింగ్ వివరాలకు వేరే చర్చాదారం తెరవండి, ఇక్కడ లింకు పెడితే చాలు. నేస్తం గారు, పశువైద్యుడికి కూడా ఒకసారి చూపించండి. నొప్పి ఉన్నా గుర్రుమంటాయి.

నాలుగుకాళ్ళ_నేస్తం
చూపించాను. తుంటి కీలు దగ్గర నొప్పి ఉందట. సోఫా దిగాలంటే నొప్పి. రెండు వారాలు దాన్ని... సరే, వేరే దారంలో రాస్తాను.

తేనెపట్టు_దగ్గర
నేను ఆలస్యంగా వచ్చాను, కానీ సంభాషణ అంటే తేనెటీగ పేరు రాకుండా ఇంత దూరం ఎలా వచ్చారు!

అద్దాల పెట్టెలో పెంచే తేనెటీగలను ఒక మధ్యాహ్నమంతా చూశాను. బయటి నుంచి ఒకటి వచ్చింది. పట్టు మీద నిలబడి కడుపు గిజగిజా ఊపుతూ ఒక చిన్న గీత మేర ముందుకు నడిచింది. ఆగి కుడివైపు చుట్టు తిరిగి మొదటికొచ్చింది. మళ్ళీ అదే గీత, ఈసారి ఎడమవైపు చుట్టు. వెనక నాలుగైదు ఈగలు మీసాలు దాని ఒంటికి ఆనించి, అది కదిలినట్టల్లా కదులుతున్నాయి. మామూలుగా ఇది జరిగేది చీకట్లో. కళ్ళతో చూసే నాట్యం కాదు, తాకి చదివేది.

పట్టు నిలువుగా వేలాడుతుంది. పైవైపు అంటే సూర్యుడి దిక్కు. గీత నిట్టనిలువుగా ఉంటే సూర్యుడి వైపే పొమ్మని. నిలువుకు 30 డిగ్రీలు కుడికి ఉంటే సూర్యుడికి 30 డిగ్రీలు కుడికి. ఊపుతూ ఎంతసేపు నడిస్తే పువ్వులు అంత దూరం, ఒక సెకనుకు దాదాపు ఒక కిలోమీటరు. సూర్యుడు జరిగే కొద్దీ గీత కోణం కూడా జరుపుకుంటుంది! కార్ల్ ఫాన్ ఫ్రిష్ ఈ గుట్టు విప్పాడు, 1973లో నోబెల్ వచ్చింది. చిన్న తేనెటీగ సంగతి ఇంకా తమాషా. దాని పట్టు పైభాగం బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి అది అనువాదం పెట్టుకోదు, పువ్వులున్న దిక్కుకే తిరిగి ఆడుతుంది.

మరి దూరం ఎలా కొలుస్తుంది? కంటి ముందు నుంచి ఎంత దృశ్యం వెనక్కి జారిపోయిందన్నదే కొలత. మాండ్యం శ్రీనివాసన్ బృందం 2000లో వాటిని గళ్ళ డిజైనున్న ఇరుకు సొరంగంలో కొన్ని మీటర్లు ఎగిరించింది. గోడలు దగ్గరగా ఉండి దృశ్యం వేగంగా జారేసరికి ఈగ మోసపోయి, ఇంటికొచ్చి వంద మీటర్లకు పైగా దూరమని చెప్పింది. అబద్ధం కాదు, నమ్మి చెప్పిన తప్పు. పసులపోలిగాడికీ దీనికీ అదే తేడా.

పుట్టుకతో వచ్చేదే అనుకునేవాళ్ళం. 2023లో తేలిందేమిటంటే, పెద్ద ఈగల ఆట చూడకుండా పెరిగిన ఈగలు మొదట్లో తప్పుల తడకగా ఆడాయి. కోణం తరువాత దిద్దుకున్నాయి కానీ దూరంలో పొరపాటు జీవితాంతం పోలేదు.

సందేహాలపుట్ట
అయితే ఇది భాషేనా? జంతువులకు భాష ఉందని ఒప్పుకోవచ్చా?

ఒప్పుకోను
ఆగండాగండి. ఆ మాట అనేముందు తెలివైన హాన్స్ గుర్రాన్ని తలుచుకోండి. బెర్లిన్‌లో వంద ఏళ్ల కిందట లెక్కలు చేసే గుర్రం. ఐదూ మూడూ ఎంతంటే డెక్కతో ఎనిమిది సార్లు కొట్టేది. యజమాని మోసగాడు కాదు, ఆయన నిజంగానే నమ్మాడు. 1907లో ఆస్కర్ ఫుంగ్‌స్ట్ పరీక్షించి చూస్తే, అడిగేవాడికి జవాబు తెలియకపోతే గుర్రానికీ తెలియడం లేదు. సరైన అంకె దగ్గరికి రాగానే అడిగేవాడి తల వెంట్రుకవాసి కదులుతుంది, అది చూసి గుర్రం ఆపేస్తుంది.

జీవశాస్త్రం_మాస్టారు
హెచ్చరిక న్యాయమే. కానీ హాన్స్ కథలో అసలు అద్భుతం ఎవరూ చెప్పరు. పక్కన నిలబడ్డ పండితులెవరికీ కనపడని తల కదలికను గుర్రం చదివింది! గుర్రం గుంపులో బతికే జంతువు, ఒంటి కదలిక చదవడమే దాని చదువు. మనం దానికి లెక్కల పరీక్ష పెట్టాం.

పరీక్ష ఎలా పెట్టాలో కెన్యాలో అంబోసెలీ దగ్గర చేసి చూపించారు, 1980లో. వెర్వెట్ కోతులు చిరుతకు ఒక కేక, గద్దకు ఒకటి, పాముకు ఒకటి వేస్తాయి. సేఫార్త్, చెనీ, మార్లర్ అనే పరిశోధకులు పొదలో స్పీకరు దాచి, ఏ జంతువూ లేనప్పుడు ఆ కేకలు వినిపించారు. చిరుత కేకకు చెట్టెక్కాయి, గద్ద కేకకు పైకి చూశాయి, పాము కేకకు వెనక కాళ్ళ మీద నిలబడి గడ్డిలోకి చూశాయి. పిల్ల కోతులు మాత్రం మొదట్లో కొంగకీ, ఒక్కోసారి రాలే ఆకుకీ గద్ద కేక వేస్తాయి. పెరిగే కొద్దీ నేర్చుకుంటాయి.

పాత_టేపురికార్డర్
జపాన్‌లో తొషితక సుజుకి ఇంకో మెట్టు ఎక్కాడు. అక్కడి టిట్ పిట్టకు పాము కనిపిస్తే వేరే కేక ఉంది. గూట్లో పిల్లలు కాకి కేక వింటే అడుగుకు నక్కుతాయి, పాము కేక వింటే గూడు వదిలి బయటికి దూకేస్తాయి. రెంటికీ ఒకటే చేస్తే ప్రాణం దక్కదు మరి. ఆ కేక వినిపిస్తూ చెట్టు మొదలు మీద పుల్లను దారంతో పాములా పైకి లాగితే పిట్టలు దగ్గరికొచ్చి చూశాయి. వేరే కేక వినిపిస్తూ అదే పుల్ల లాగితే పట్టించుకోలేదు. ఆ కేక వినగానే వాటి మనసులో పాము మెదులుతోందన్నమాట. అవే పిట్టలు "చుట్టూ చూడు", "ఇటు రా" అనే రెండు కేకలను ఆ వరసలోనే కలుపుతాయి. 2016లో వరస తిప్పి వినిపిస్తే సరిగ్గా స్పందించలేదు.

భాష అనండి, అనకపోండి. నాకు ఆ పేరు పెద్ద విషయం కాదు.

చెట్టుకింద_కుర్చీ
రిపోర్టు. మూడు రోజులు పిల్లిని చూశాను. రెండు రోజులు అరుపు మొదలైన ఐదు నిమిషాల్లోపే గోడ దిగకుండా వెనక్కి తిరిగింది. ఒక రోజు మాత్రం అక్కడే కూర్చుని తీరిగ్గా ఒళ్ళు నాక్కుంది, ఉడుతకు గొంతు పోయేదాకా. కాబట్టి రాత్రి_డ్యూటీ గారికి మూడింట రెండు మార్కులు.

ఇవాళ అసలు సంగతి. పిల్లి రాలేదు. అయినా ఏడు దాటాక చిక్ చిక్ మొదలైంది. ఎక్కడా ఏమీ లేదు. చూస్తే గోడ మీద, సరిగ్గా పిల్లి కూర్చునే చోట, మా వాళ్ళు ఆరేసిన బూడిదరంగు గుడ్డ! గాలికి అంచు కదులుతోంది. దాన్ని చూసి నాలుగు నిమిషాలు అరిచింది. మాస్టారు రాసిన రాలే ఆకు గుర్తొచ్చి ఒక్కడినే నవ్వుకున్నాను.

రాత్రి_డ్యూటీ
నవ్వొద్దండి, దాని లెక్క కరెక్టే. గుడ్డను చూసి అరిస్తే పోయేది నాలుగు నిమిషాలు. పిల్లిని చూసి గుడ్డ అనుకుంటే పోయేది ప్రాణం.

ఒప్పుకోను
గుడ్డ తీయకండి. రోజూ అక్కడే ఉంచి ఎన్ని నిమిషాలు అరుస్తుందో రాయండి. తగ్గుతూ పోతే నేర్చుకుంటోందని. దాని పిల్లలు గనక చుట్టుపక్కల ఉంటే అది ఎక్కువసేపు అరుస్తుందేమో కూడా చూడండి.

చెట్టుకింద_కుర్చీ
రెండో రోజు: రెండున్నర నిమిషాలు. మూడో రోజు: ఒకసారి తోక ఎగరేసి ఊరుకుంది. నాలుగో రోజు ఆ గుడ్డ మీదే కూర్చుని ఏదో కొరుక్కు తింటోంది. గుడ్డ తీసేయమని ఇంట్లో గొడవ పెడుతున్నారు. ఇంకో రెండు రోజులు ఆగమన్నాను, పిల్లి తిరిగొచ్చి ఆ గుడ్డ పక్కనే కూర్చుంటే ఏం చేస్తుందో చూడాలి.